వైకింగుల అంగీ, పలకనేత పట్టీ: పేకముక్కలతో మొదలుపెట్టి చేతికుట్టు దాకా

నార్వేలోని ఓసెబెర్గ్ దగ్గర 1904లో ఒక మట్టిదిబ్బను తవ్వినప్పుడు, క్రీ.శ. 834లో ఇద్దరు స్త్రీలతో పాటు పూడ్చిపెట్టిన ఓడ ఒకటి బయటపడింది. ఓడ చెక్కడాల గురించి అందరూ చెబుతారు గానీ, నేత తెలిసినవారి చూపు మాత్రం అందులోని ఒక చిన్న వస్తువు మీద ఆగుతుంది. అవి 52 చెక్క పలకలు. వాటి రంధ్రాల్లో ఇంకా పోగులున్నాయి, ఒక చివర నేత సగంలో ఆగిపోయిన సన్నటి పట్టీ ఉంది. పేక దస్తాలో ఎన్ని ముక్కలో అన్ని పలకలన్నమాట. ఇది కాకతాళీయమే అయినా, ఈ విద్య నేర్చుకునేవారు నేటికీ పాత పేకముక్కలనే కత్తిరించి పలకలుగా వాడుకుంటారు. పేకముక్కల మధ్య నుంచి పేకను, అంటే నేతలో అడ్డంగా వెళ్లే పోగును, నడపడమనే చమత్కారం మాత్రం తెలుగులోనే కుదురుతుంది.

ఈ వ్యాసం రెండు పనులను మొదటి నుంచి చివరిదాకా చెబుతుంది. మొదటిది పలకలతో అలంకార పట్టీ నేయడం, రెండవది ఆ పట్టీని అంచుగా వేసిన వైకింగ్ (నాటి స్కాండినేవియా సముద్రయాత్రికుల) పద్ధతి ఉన్ని అంగీని చేత్తో కుట్టడం. చాలామంది అంగీతో మొదలుపెట్టి పట్టీని చివరికి వదిలేస్తారు. నా సలహా దానికి విరుద్ధం. అంగీ రెండు మూడు ఆదివారాల్లో పూర్తవుతుంది. రెండు మీటర్ల పట్టీకి, చేయి తిరగనివారికి, నెల పడుతుంది. పైగా పట్టీ ఎంత వెడల్పు వచ్చిందో, ఎంత బిగువుగా వచ్చిందో చూసిన తరువాతే మెడను ఏ ఆకారంలో కత్తిరించాలో తేల్చుకోవచ్చు.

ఆధారాలు ఎక్కడివి, ఎంతవరకు

వైకింగుల కాలంగా సాధారణంగా లెక్కించే సుమారు 793 నుంచి 1066 వరకు, పూర్తిగా మిగిలిన దుస్తులు దాదాపు లేవు. మనకు దక్కినవి చాలావరకు అరచేతి కంటే చిన్న ముక్కలే. స్వీడన్‌లోని మేలారెన్ సరస్సు ద్వీపమైన బిర్కాలో యాల్మార్ స్టోల్పె 1870ల నుంచి సుమారు 1100 సమాధులను తవ్వించాడు. వాటిలో బట్ట మిగిలింది ముఖ్యంగా స్త్రీల భుజాల దగ్గరి కోడిగుడ్డు ఆకారపు కంచు పిన్నుల అడుగున. లోహం తుప్పుపట్టేటప్పుడు వెలువడే లవణాలు చుట్టూ ఉన్న పోగును కుళ్లిపోకుండా కాపాడతాయి. అందుచేత పిన్ను కింద ఉన్న రెండంగుళాల మేర మనకు వివరంగా తెలుసు. మోకాలి దగ్గర ఏముందో ఊహించుకోవలసిందే. ఆమ్లగుణం ఉన్న నేలలో ఉన్ని, పట్టు నిలుస్తాయి, అవిసె నారతో నేసిన లినెన్ కరిగిపోతుంది. లోపలి చొక్కాల గురించి మనకు తక్కువ తెలియడానికి ఇదొక ముఖ్య కారణం. ఈ పరిమితిని గుర్తుంచుకుంటే, ‘అసలైన వైకింగ్ నమూనా’ పేరుతో అమ్మే కాగితపు కొలతలను కొంత సందేహంతో చూడటం అలవాటవుతుంది.

పురుషుల దుస్తులకు ప్రధాన ఆధారం ప్రస్తుతం జర్మనీలో ఉన్న హెడెబీ రేవు. అక్కడ చిరిగిన అంగీలను, లాగులను చింపి, తారులో ముంచి ఓడల సందులు పూడ్చడానికి వాడారు. ఆ పీలికలే నేటి దర్జీకి పాఠ్యపుస్తకం. డెన్మార్క్‌లోని మామెన్ సమాధి 970-71 నాటిది. అందులో పలకనేత పట్టీలున్నాయి. నార్వేలోని షోల్డెహామ్న్ బురదనేలలో 1936లో దొరికిన 11వ శతాబ్దపు దుస్తులు మాత్రం దాదాపు పూర్తి జత. స్టాక్‌హోమ్‌లో స్థిరపడ్డ తెలుగువారు వేసవిలో పడవ ఎక్కి బిర్కా ద్వీపాన్ని చూసిరావచ్చు. అక్కడ దొరికిన వస్తువులు ఆ నగరంలోని స్వీడన్ చరిత్ర మ్యూజియంలో ఉన్నాయి.

పలకనేత అంటే ఏమిటి

దీనిని వైకింగులు కనిపెట్టలేదు. వారికి వెయ్యేళ్లకు పైగా ముందు నుంచే ఇది ఐరోపాలో ఉంది. మన మగ్గంలో పడుగును, అంటే నిలువు పోగులను, పైకీ కిందికీ విడదీసేది దారపు ఉచ్చుల వరుస. ఇక్కడ ఆ పని చదరపు పలక చేస్తుంది. ప్రతి పలకకు నాలుగు మూలల్లో నాలుగు రంధ్రాలుంటాయి, ఒక్కో రంధ్రంలో ఒక్కో పోగు ఉంటుంది. పలకను పావు వంతు తిప్పితే కింద ఉన్న ఒక పోగు పైకి వస్తుంది, పైన ఉన్న ఒకటి కిందికి పోతుంది. పై జంటకూ కింది జంటకూ నడుమ ఏర్పడిన సందులోంచి పేకను పంపుతారు. అలా తిప్పుతూ పోతే ఒక్కో పలక నాలుగు పేటల తాడును పేనుతుంది. పక్కపక్కనే ఉన్న ఆ తాళ్లన్నిటినీ లోపలి నుంచి కట్టి ఉంచేది పేక. పట్టీ మీద పేక కనబడదు, కనబడేదంతా పడుగే. ఈ ఒక్క సంగతి బోధపడితే మిగిలినదంతా అభ్యాసమే. నవారు మంచం అల్లినవారికి పట్టీ బిగువు అంటే ఏమిటో తెలుసు. పలకనేత పట్టీ నవారు కంటే గట్టిగా, కొంచెం మందంగా ఉంటుంది, ఎందుకంటే ప్రతి పోగూ పురి తిరిగి ఉంటుంది.

సామగ్రి

పలకలకు ప్లాస్టిక్ పూత ఉన్న పేకముక్కలు 14 చాలు. ఒక్కోదాన్ని 6 సెంటీమీటర్ల చదరంగా కత్తిరించండి. ఏడేసి ముక్కలను ఒకదానిపై ఒకటి పేర్చి, క్లిప్పులు బిగించి, నాలుగు మూలల్లో అంచు నుంచి ఒక సెంటీమీటరు లోపలికి 5 మిల్లీమీటర్ల రంధ్రాలు చేయండి. రంధ్రాలన్నీ ఒకే వరుసలో ఉండాలి, లేకపోతే సందు విచ్చుకోదు. బయటి మూలలను కత్తెరతో గుండ్రంగా చేయడం మరచిపోకండి. పదునైన మూల పక్క పలక పోగులను పట్టి లాగుతుంది.

పోగు విషయంలో తొందరపడటం అందరూ చేసే తప్పు. అల్లికలకు అమ్మే మెత్తటి ఊలు దీనికి పనికిరాదు. అది సాగుతుంది, నూగు లేచి పక్క పోగుకు అంటుకుంటుంది, నాలుగు సార్లు పలక తిప్పేసరికి సందు మూసుకుపోతుంది. గట్టిగా పురిపెట్టిన, నున్నటి, రెండు పేటల పోగు కావాలి. రెండు పోగులను పక్కపక్కన పట్టుకుని ఒకదానిపై ఒకటి ఇరవై సార్లు రుద్దండి. చిక్కుపడకుండా విడిపోతే తీసుకోవచ్చు. మొదటి పట్టీకి క్రోషియా నూలు శ్రేష్ఠం. అది కొలతకు నమ్మకమైనది, ధర తక్కువ, తప్పును స్పష్టంగా చూపిస్తుంది. రెండవ పట్టీకి ఉన్నికి మారవచ్చు.

పోగును మీరే అద్దుకోదలచుకుంటే, వైకింగుల ఎరుపుకు మూలం మాడర్ అనే తీగ వేరు. దాని దగ్గరి బంధువే మన ఆయుర్వేద దుకాణాల్లో దొరికే మంజిష్ఠ. వారి నీలం వోడ్ మొక్క ఆకుల నుంచి వచ్చేది, మన నీలిమందులో ఉన్న రంగు పదార్థమే అందులోనూ ఉంది. కాబట్టి నీలిమందు వాడటం మోసం కాదు. వంద గ్రాముల ఉన్నికి 15 గ్రాముల పటికను వేడినీటిలో కరిగించి, ఉన్నిని అందులో గంటసేపు మరగనివ్వకుండా వేడి చేయండి. తరువాత ఉన్నితో సమాన బరువు మంజిష్ఠను రాత్రి నానబెట్టిన నీటిలో మరో గంట సన్నటి సెగ మీద ఉంచి, అందులోనే చల్లారనివ్వండి. వేడినీటి నుంచి చన్నీటిలోకి ఉన్నిని ఒక్కసారిగా మార్చినా, చేత్తో పిసికినా అది ముద్దకట్టి కుదించుకుపోతుంది.

పడుగును బిగించడానికి మగ్గమేమీ అక్కర్లేదు. ఒక చివర కిటికీ ఊచకు, రెండో చివర మీ నడుముకు కట్టిన పట్టీకి ఉంటే, వెనక్కి వాలినప్పుడు బిగువు, ముందుకు వంగినప్పుడు వదులు వస్తుంది. పేకను అదమడానికి చెక్క రూళ్లకర్ర, పేకను చుట్టుకోవడానికి చిన్న అట్టముక్క సరిపోతాయి.

పడుగు కొలత

రెండు మీటర్ల పట్టీ కావాలంటే పడుగు రెండు మీటర్లు చాలదు. పురి తిరిగేకొద్దీ పోగు కుదించుకుంటుంది. దానికి పదిహేను శాతం దాకా కలపండి. పలకలు కిటికీకి చేరువైన తరువాత సందు విచ్చుకోదు కాబట్టి చివర అర మీటరుకు పైగా వృథా పోతుంది. ముడులతో కలిపి మూడు మీటర్లు కోయడం క్షేమం.

పద్నాలుగు పలకల్లో ఇరువైపులా రెండేసి అంచు పలకలు, మధ్యలో పది నమూనా పలకలు. అంచు పలకల నాలుగు రంధ్రాల్లోనూ నీలం. నమూనా పలక ఒక్కోదానిలో పక్కపక్క రంధ్రాల్లో రెండు ఎరుపులు, మిగిలిన రెండింటిలో తెలుపు. అంటే నీలం 16 పోగులు, ఎరుపు 20, తెలుపు 20, మొత్తం 56. మూడు మీటర్ల చొప్పున 168 మీటర్ల పడుగు అవుతుంది. పేక కోసం మరో 30 మీటర్ల నీలం పక్కన పెట్టుకోండి. పేక రంగు అంచు పలకల రంగే కావాలి, ఎందుకంటే పేక కనిపించే ఒకే ఒక్క చోటు పట్టీ అంచు.

పోగులు ఎక్కించడం

ఇక్కడ దిక్కులు తారుమారైతే తరువాత సరిచేయడం కష్టం. కిటికీకి ఎదురుగా కూర్చోండి. పలక ముఖాలు మీ కుడికీ ఎడమకూ ఉండేలా, పుస్తకాలను అరలో నిలబెట్టినట్లు పలకలు నిలబడతాయి. ఎడమవైపు ఏడు పలకల్లో పోగు కిటికీ నుంచి వచ్చి పలక ఎడమ ముఖంలో దూరి, కుడి ముఖంలోంచి మీ వైపుకు రావాలి. కుడివైపు ఏడు పలకల్లో అంతా తిరగబడాలి. ఇలా రెండు సగాలు ఎదురెదురుగా ఉంటే ఒక సగం పురి మరో సగం పురిని ఆపుతుంది. అన్నీ ఒకే వైపు ఎక్కిస్తే పూర్తయిన పట్టీ జిలేబీలా మెలితిరుగుతుంది.

నమూనా పలకల్లో ఎరుపు పోగులున్న అంచును స్కెచ్ పెన్నుతో గీయండి. ఒక్కో పలక నాలుగు పోగులకు విడిగా ముడివేసి, పద్నాలుగు ముడులనూ కలిపి కిటికీకి కట్టండి. మీ వైపు చివరను వేళ్లతో దువ్వి, అన్ని పోగుల బిగువు సమానమయ్యాకే నడుము పట్టీకి కట్టండి. ఈ దువ్వడానికి అరగంట పట్టినా పట్టనివ్వండి.

ఇప్పుడు నమూనా అమర్చడం. ఎడమ నుంచి లెక్కిస్తే మొదటి నమూనా పలక గీత పైకి, రెండవది మీ వైపుకు, మూడవది కిందికి, నాలుగవది కిటికీ వైపుకు, ఐదవది మళ్లీ పైకి ఉండాలి. ఆరు నుంచి పది వరకు దీని ప్రతిబింబం: ఆరవది పైకి, ఏడవది కిటికీ వైపుకు, ఎనిమిదవది కిందికి, తొమ్మిదవది మీ వైపుకు, పదవది పైకి. పలకలన్నిటినీ దగ్గరికి చేర్చి ఒక రబ్బరు బ్యాండు వేయండి. నా మొదటి పడుగు ఎక్కించిన సాయంత్రం ఎవరో తలుపు తట్టారని బ్యాండు వేయకుండానే లేచాను. తిరిగి వచ్చేసరికి పలకలు నేలమీద పడి, ఒక్కోటి ఒక్కో దిక్కు తిరిగి ఉన్నాయి. ఏది ఎన్ని చుట్లు తిరిగిందో పోల్చుకోలేక మొత్తం విప్పుకున్నాను.

నేయడం

సందులోకి ముందు రెండు మూడు వరుసలు దళసరి నూలు వేసి అదమండి; పోగులు పరుచుకోవడానికి ఇది పునాది, తరువాత తీసేయవచ్చు. అసలు పేక మొదలైన తరువాత క్రమం ఒక్కటే. పలకలన్నిటినీ కలిపి, పై అంచు కిటికీ వైపుకు పోయేలా పావు వంతు తిప్పండి. రూళ్లకర్రను సందులోకి దూర్చి మీ వైపుకు అదమండి. పేకను దాటించండి. తాళ్లు ఒకదానికొకటి ఆనుకునేదాకా పేకను లాగండి. మళ్లీ తిప్పండి, ఈసారి రెండో వైపు నుంచి దాటించండి.

ఎనిమిది సార్లు ముందుకు తిప్పేసరికి కిటికీ వైపు చూపే బాణం మొనలు కనిపిస్తాయి. వాటి గీతలు నునుపుగా, తెగని వాలులా ఉండాలి. రంపపు పళ్లలా మెట్లు మెట్లుగా కనబడితే రంగుల వాలు, పురి వాలు ఒకదానికొకటి అడ్డం పడ్డాయని అర్థం. అప్పుడు గీత మీ వైపుకూ కిటికీ వైపుకూ ఉన్న నాలుగు పలకలను, అంటే 2, 4, 7, 9 పలకలను మాత్రం, నేత మొదలుపెట్టినప్పటి స్థితికి తెచ్చి సగం చుట్టు తిప్పితే చాలు. పలకను తిరగేసి బోర్లా పెట్టడం వల్ల ఈ దోషం పోదు. పురి వాలు మారిన మేరకు రంగుల వాలు కూడా మారిపోతుంది. చాలామంది ఇక్కడ గంటలు పోగొట్టుకుంటారు.

ఎనిమిది సార్లు ముందుకు, ఎనిమిది సార్లు వెనక్కి తిప్పుతూ పోతే బాణాలు కలిసి వజ్రాకారాలు అవుతాయి. అలంకారానికి మించి దీనికొక ప్రయోజనముంది. పలకల ముందు పేనుకుంటున్న పురికి సరిసమానంగా పలకల వెనుక, కిటికీ వైపు, వ్యతిరేక పురి పేరుకుంటుంది. దిశ మార్చినప్పుడల్లా అది విప్పుకుంటుంది. బాణాలే కావాలనుకుని ఒకే దిశలో తిప్పితే, నలభై యాభై తిప్పుళ్లకు వెనుక పోగులు తాళ్లలా బిగుసుకుపోతాయి. అప్పుడు కిటికీ దగ్గరి ముడులను ఒక్కొక్కటిగా విప్పి, పురి వదిలించి, మళ్లీ కట్టుకోవాలి. దిశ మారిన చోట పోగు కొంచెం పొడవుగా తేలడం సహజం.

వెడల్పు మీద కన్నేసి ఉంచండి. కొత్తవారి పట్టీ మొదట రెండు సెంటీమీటర్లుండి, పోనుపోనూ ఒకటిన్నరకు దిగుతుంది, మళ్లీ బద్ధకం వేళల్లో ఉబ్బుతుంది. పోస్టుకార్డు ముక్క మీద మీ మొదటి నాలుగంగుళాల వెడల్పును గీసుకుని, ప్రతి జానకూ ఆనించి చూడండి. పట్టీ మీద ఒకే నిలువు వరుసలో రంగులు గతి తప్పితే, ఆ వరుస పలక ఒక్కటే వెనకబడిందో ముందుకు జారిందో ఉంటుంది. దాన్ని అక్కడికక్కడ సరిచేసి ముందుకు పోతే పట్టీ మీద మచ్చ మిగిలిపోతుంది. పేకను వెనక్కి లాగుతూ, పలకలను అంతే లెక్కతో వెనక్కి తిప్పుతూ తప్పు దాకా విప్పడమే దారి. ఒకసారి నా ఏడవ పలక జారింది. గమనించేసరికి జానెడు నేత అయిపోయింది. విప్పడానికి పట్టిన సమయం నేయడానికి పట్టినదానికి రెండింతలు.

బిర్కాలోని సంపన్నుల పట్టీలు ఇంతకంటే చాలా సన్నటివి. పట్టు పడుగు మీద వెండి తీగను అదనపు పేకగా నడిపినవి. నేత పేకతో పాటు అదే సందులో రెండో పేక వెళుతూ, నమూనా కావలసిన చోట పైకి తేలుతుంది, వద్దనుకున్న చోట కిందికి దిగుతుంది. చీర అంచులో జరీ బుటాలు తీసే నేతగాళ్లకు ఈ తర్కం వివరించనక్కర్లేదు. మొదటి పట్టీలో దీని జోలికి పోవద్దు. రెండు మూడు పట్టీలు నేశాక, సన్నటి పట్టు పోగు మీద జరీతో ప్రయత్నించవచ్చు. జరీలో తీగను పోగు చుట్టూ చుడతారు కాబట్టి, అది వట్టి వెండి తీగ కంటే మెత్తగా వంగుతుంది.

అంగీకి బట్ట

రోజువారీ అంగీ ఉన్నిది, దాని లోపల లినెన్ చొక్కా. ఉన్నిలో సాదా నేత లేదా ఏటవాలు గీతల ట్విల్ నేత తీసుకోండి. కోటు గుడ్డ కంటే పలుచగా, శాలువా కంటే దళసరిగా ఉంటే కుట్టడానికి అనుకూలం. మన కురుమలు నేసే గొంగడిని దీనికి వాడవచ్చా అని అడిగేవారున్నారు. దక్కనీ గొర్రెల ఉన్ని, చేత్తో వడికిన నూలు, గుంటమగ్గం నేత, చింతగింజల గంజి, సన్నటి పన్నాలను పక్కపక్కన కుట్టి కలపడం, ఇవన్నీ చూస్తే అడగాలనిపించడం సహజమే. కానీ గొంగడి గరుకు, బరువు అంగీకి సరిపడవు. చంక దగ్గర మడత పడదు. భుజాన కప్పుకుని కుడివైపు పిన్ను పెట్టుకునే దీర్ఘచతురస్రపు దుప్పటికి మాత్రం అంతకంటే తగినది మన దగ్గర లేదు.

హైదరాబాదు ఎండలో ఉన్ని అంగీ తొడిగితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఇక్కడ వేసుకోవాలనుకునేవారు పూర్తిగా లినెన్‌తోనే కుట్టుకుని, పట్టీని మాత్రం ఉన్నితో నేయవచ్చు.

150 సెంటీమీటర్ల పన్నా ఉన్న బట్ట రెండున్నర మీటర్లు తీసుకుని, కత్తిరించే ముందే గోరువెచ్చటి నీటిలో నానబెట్టి, పిండకుండా ఆరవేయండి. పట్టీని కూడా అలాగే తడపండి. తడపకుండా కుట్టిన పట్టీ మొదటి ఉతుకులో కుదించుకుని మెడను మూటలా ముడుస్తుంది.

కొలత, కత్తిరింపు

చేత్తో వడికిన నూలుతో నేసిన బట్టను ఎవరూ వంపులుగా కోసి పారేసుకోరు. అందుకే అంగీ ముక్కలు చాలావరకు చతురస్రాలు, త్రిభుజాలు. కళీదార్ లాల్చీ కుట్టిన దర్జీకి ఇది పరిచితమే. పక్క కళీలు (కింద వెడల్పు ఇచ్చే త్రిభుజపు ముక్కలు), చంకలో చిన్న చదరం, అన్నీ అవే. అయితే దీన్ని చట్టంగా భావించకండి. చంక దగ్గర వంపుగా కత్తిరించిన ముక్కలు కూడా హెడెబీలో దొరికాయి.

ఛాతీ 100 సెంటీమీటర్లు ఉన్న వ్యక్తి కొలతలు ఇవి. మీ కొలతకు మార్చుకోండి. ఛాతీకి 14 సెంటీమీటర్ల వదులు కలిపి సగం చేసి, కుట్టు మార్జిన్ 3 కలిపితే 60. ముందు వెనుకలు భుజం దగ్గర మడతతో ఒకే ముక్కగా, 60 వెడల్పు, 208 పొడవు. రెండు చేతులూ పైన 50, మణికట్టు దగ్గర 26, పొడవు 55. ఒకదాన్ని తలకిందులుగా పెట్టి పక్కపక్కన కోస్తే బట్ట మిగులుతుంది. చంక చదరాలు రెండు, ఒక్కోటి 14. నాలుగు దీర్ఘచతురస్రాలు, ఒక్కోటి 63 నిలువు, 33 వెడల్పు. వీటిని మూల నుంచి మూలకు కోసి, వచ్చిన జత త్రిభుజాలను నిలువు అంచుల వెంట కలిపితే నాలుగు కళీలు. ఇవన్నీ 150 పన్నాలో రెండుంపావు మీటర్లలో సర్దుకుంటాయి. ముందుగా పాత దుప్పటి మీద కోసి చూసుకోవడం అవమానమేమీ కాదు.

మణికట్టు వెడల్పును మీ అరచేతి చుట్టుకొలతతో పోల్చి చూడండి. ఈ అంగీకి బొత్తాం ఉండదు, పిడికిలి దూరకపోతే చేయి దూరదు.

మెడ చివరగా కోస్తాం. నడిమి మడత మీద కేంద్రం గుర్తించి, వెనక్కి రెండు, ముందుకు ఎనిమిది, ఇరువైపులా ఏడు సెంటీమీటర్లతో గుండ్రం గీసి, అంతకంటే ఒక సెంటీమీటరు లోపలికి కోయండి. ముందు భాగంలో 12 సెంటీమీటర్ల నిలువు చీలిక ఇస్తే తల దూరుతుంది. పెద్దది చేయడం ఎప్పుడైనా సాధ్యమే.

కుట్టు

దారం లినెన్‌ది గానీ, బట్ట రంగు ఉన్నిది గానీ. లినెన్ దారాన్ని తేనెమైనం మీద ఒకసారి లాగితే పురి విడదు, ముడిపడదు. మోచేయి పొడవు కంటే ఎక్కువ దారం తీసుకోకండి.

మొదట కళీ జతలను కలపండి. తరువాత చంక చదరాన్ని చేతి పై మూలకు కుట్టి, చేతిని శరీర భాగానికి మధ్యలో ఆనించి భుజం నుంచి రెండు వైపులకూ కుట్టుకుంటూ దిగండి. నడుము దగ్గర నుంచి పక్క కళీలను శరీరానికి చేర్చండి. ఆ తరువాత మణికట్టు నుంచి చంక మీదుగా కళీ మొదలు దాకా ఒకే కుట్టుగా మూసేయండి. ముందు, వెనుక కళీల కోసం బట్ట మధ్యలో కింది నుంచి నడుము దాకా చీల్చాలి. కళీ మొన కూర్చునే ఆ ఒక్క బిందువు అంగీ మొత్తంలో బలహీనమైన చోటు. అక్కడ కుట్టు మార్జిన్ సున్నాకు వస్తుంది కాబట్టి ముడతలు పడతాయి, లాగితే చిరుగుతుంది. లోపలి వైపు బొటనవేలి గోరంత లినెన్ ముక్కను మాసికలా వేసి, కళీ మొన నుంచి మొదలుపెట్టి ఒక పక్కకు, మళ్లీ మొన నుంచి రెండో పక్కకు కుట్టండి. కింది నుంచి పైకి కుట్టుకొస్తే మొన ఎప్పుడూ పక్కకు జరుగుతుంది.

అతుకులన్నీ వెనక్కుట్టుతో (ప్రతి కుట్టుకూ సూదిని కొంచెం వెనక్కి తెచ్చి ముందుకు తీసే కుట్టుతో) వేసి, మార్జిన్లను ఒక వైపుకు మడిచి, చుట్టుకుట్టుతో బట్టకు అణచండి. సెంటీమీటరుకు మూడు కుట్లు వస్తే చాలు.

స్త్రీల దుస్తుల్లో లోపలి పొడుగు చొక్కా ఇదే పద్ధతిలో చీలమండల దాకా వస్తుంది. దానిపైన పట్టాలతో వేలాడే గౌను ఉంటుంది. బిర్కా పిన్నుల లోపల దొరికిన లినెన్ ఉచ్చులే దానికి ఆధారం. అది మూసిన గొట్టమా, ముందు తెరిచి ఉండేదా, చుట్టుకునేదా అన్నది నిపుణుల మధ్య నేటికీ వాదమే. కుట్టేవారికి సులువైనది గొట్టం: ఛాతీ కంటే ఐదారు సెంటీమీటర్లు ఎక్కువ, కింద కళీలు, వెనుక నుంచి పొడవాటి పట్టాలు రెండు, ముందు పొట్టి ఉచ్చులు రెండు.

పట్టీ వేయడం

పలకనేత పట్టీ గట్టిది, వంపు తిరగదు. గుండ్రటి మెడ చుట్టూ బలవంతంగా తిప్పితే లోపలి అంచు ఉబ్బుతుంది. అందుకే నేను మెడ చీలిక రెండు పక్కలా నిలువుగా, మణికట్ల చుట్టూ గుండ్రంగా మాత్రమే వేస్తాను. మెడ గుండ్రానికి పట్టీ కావాలంటే, పైన చెప్పిన గుండ్రం బదులు చతురస్రంగా కోసి మూలల్లో మడత వేయడం నయం. మెడకు సుమారు 70, మణికట్లకు 28 చొప్పున లెక్కేస్తే రెండు మీటర్ల పట్టీలో ముప్పావు మీటరు దాకా మిగులుతుంది. మిగిలినదాన్ని పారేయకండి, తలకు కట్టుకోవచ్చు.

పట్టీని కోసే ముందు, కోయబోయే గీతకు రెండు వైపులా వెనక్కుట్టు వేయాలి. లేకపోతే కత్తెర తగిలిన మరుక్షణం పురి విప్పుకుని నాలుగు పోగులూ నాలుగు దిక్కులు పోతాయి. కోసిన చివరలను కిందికి మడిచి, పట్టీ రెండు అంచులనూ అతి సన్నటి కుట్లతో బట్టకు అంటించండి. సూది పట్టీ అంచులోని పేక ఉచ్చులోంచి వెళితే కుట్టు కనబడదు. దారాన్ని లాగి బిగించకండి, పట్టీ కింద బట్ట కుచ్చిళ్లు పడుతుంది.

ఉన్ని అంగీని తరచుగా ఉతకనక్కర్లేదు. నీడలో గాలికి ఆరేసి, మచ్చపడిన చోటే తుడవండి. వానాకాలం ముందు మాత్రం ఎండలో బాగా దులిపి, ఎండిన వేపాకుతో పాత నూలు చీరలో చుట్టి పెట్టండి. బట్టపురుగు మొదట పట్టేది చంక చదరాన్ని, తరువాత ఉన్ని పట్టీని. పట్టీలో ఒక్క పోగు తెగినా ఆ పలక వరుస కొన్ని అంగుళాల మేర వదులవుతుంది, కాబట్టి నేసినప్పుడు మిగిలిన ఎరుపు, తెలుపు, నీలం పోగులను మూరెడేసి ఆ మూటలోనే దాచి ఉంచండి.